పదిహేనుకీ యాభైకీ మధ్య

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మనిషికి యాభై నిండితే ఏమవుతుందో మా బ్యాచ్ వాళ్లకు మోకాళ్లే చెబుతున్నాయి. కారుకు యాభై నిండితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం మన దేశంలో ఒక నియమం ఉంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నియమాలను సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన రోజు నుంచి యాభై ఏళ్లు దాటి, సొంతానికి మాత్రమే వాడే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు 'వింటేజ్' అనే హోదా ఇచ్చింది. వాటి నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు కట్టాలి. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. అలాంటి బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లకూడదు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుకోవడానికో రోడ్డెక్కించవచ్చు.

ఇది ఒక చివర. రెండో చివర మనందరికీ తెలిసిందే. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవాలి. యాభైలోంచి పదిహేను తీసేస్తే ముప్పై అయిదు. ఆ ముప్పై అయిదేళ్లలో కారు కొత్తదీ కాదు, వారసత్వ సంపదా కాదు. ఊరికే 'పాత బండి'. ఇంట్లోవాళ్లు అమ్మెయ్యమంటారు. తుక్కు వ్యాపారి వారానికోసారి వచ్చి చూసిపోతాడు. నూటికి తొంభై కార్లు ఈ మధ్యకాలంలోనే కనుమరుగవుతాయని నా అనుభవం మీద అనుకుంటున్నాను.

పాత కార్లను బాగుచేయడం నాకు ఇష్టమైన వ్యాపకమని తెలిసి, సంచిక సంపాదకులు దాని గురించి రాయమన్నారు. నట్లూ బోల్టుల గురించి రాస్తే ఇంజనీర్లు తప్ప ఎవరూ చదవరు. అందుకని ఆ ముప్పై అయిదేళ్ల గురించి రాస్తున్నాను. పాత కార్ల చరిత్రంతా అక్కడే ఉంది.

బ్రైటన్ దారి నుంచి చౌమహల్లా దాకా

ఈ సరదా బ్రిటన్‌లో పుట్టింది. మోటారు బండ్లను కట్టడి చేసిన పాత చట్టం అక్కడ 1896లో సడలి, వేగ పరిమితి గంటకు 14 మైళ్లకు పెరిగింది. ఆ సంతోషంలో నవంబరు 14న కొందరు లండన్ నుంచి సముద్రతీరంలోని బ్రైటన్‌కు కార్లలో ప్రయాణమయ్యారు. 1927లో ఆ యాత్రను గుర్తు చేసుకుంటూ పాత కార్లతో మళ్లీ అదే దారిలో వెళ్లారు. ముప్పై ఏళ్ల నాటి కార్లను బాగుచేసి నడపడంలో ఒక ఆనందం ఉందని అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది. 1930లో వెటరన్ కార్ క్లబ్, 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ ఏర్పడ్డాయి. 'వెటరన్', 'వింటేజ్' అని కార్లను కాలాలవారీగా విడదీసింది ఈ క్లబ్బులే. వాళ్ల లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 వరకు తయారైన కారు. ఆ గీత కదలదు. మన నియమంలోని గీత మాత్రం ఏటా ముందుకు జరుగుతుంది. నిన్నటి దాకా పాత బండి అనిపించుకున్నది ఇవాళ వింటేజ్ అవుతుంది.

మన దేశంలో పాత కార్ల ర్యాలీలకు ఒరవడి పెట్టింది 'స్టేట్స్‌మన్' పత్రిక. 1964లో ఢిల్లీలో మొదలుపెట్టింది. ఆ ర్యాలీలలో చూపు నిలిచిపోయే కార్లలో చాలావరకు సంస్థానాల నుంచి వచ్చినవే. మనకు దగ్గరలో అలాంటిది చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. అక్కడ ఒక పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తయారు చేయించమన్నారు. 1911లో ఆయన చనిపోయారు. కారు ఆ తర్వాతే హైదరాబాద్ చేరింది. లోపల మామూలు సీటు ఉండదు, సింహాసనం లాంటి ఆసనం ఉంటుంది. ఊరేగింపుల కోసం తయారైన ఆ బండి తిరిగింది బహు తక్కువ. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, మన కాలంలో మరమ్మతు చేయించుకుని మళ్లీ మెరుస్తోంది.

ఎప్పుడైనా వెళితే ఆ కారును తప్పక చూడండి. చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అది బతికింది ఎక్కువ తిరగలేదు గనుక. మన నాన్నల కాలం కార్లు బతికింది మాత్రం తిరుగుతూనే.

కొరత నేర్పిన విద్య

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లను బిగించడం మొదలుపెట్టింది. ఫోర్డు కూడా అదే పని చేసేది. విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ఇక్కడే తయారు చేసేవాళ్లు ఉండండి, ఊరికే బిగించేవాళ్లు వెళ్లండి అన్న విధానం తెచ్చింది. 1950ల మధ్యకల్లా ఆ రెండు అమెరికన్ కంపెనీలూ వెళ్లిపోయాయి. కార్ల విషయంలో ప్రధానంగా మూడు కంపెనీలు మిగిలాయి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్.

హిందుస్థాన్ వాళ్లు బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తీసుకుని 1950ల చివర అంబాసిడర్ అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో ఆ నమూనా కొద్ది ఏళ్లలోనే ఆగిపోయింది. మన దగ్గర 2014 మే దాకా వచ్చింది. ప్రీమియర్ వాళ్ల ఫియట్ 1100కు 1970లలో పద్మిని అని పేరు మారింది. అయినా మన ఊళ్లలో అది చివరిదాకా 'ఫియట్ కారే'. స్టాండర్డ్ వాళ్లు 1961 నుంచి హెరాల్డ్ తయారు చేశారు. దాని బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేచేది. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. బ్రిటన్‌లో హెరాల్డ్‌కు రెండే తలుపులు. వెనక సీటులో పెద్దవాళ్లు కూర్చునే మన కుటుంబాల కోసం మద్రాసులో నాలుగు తలుపుల హెరాల్డ్ వచ్చింది. 1972లో దాన్నే మార్చి గెజెల్ అనే కారు తెచ్చినప్పుడు, హెరాల్డ్‌కు ఉన్న విడివిడి వెనక సస్పెన్షన్ తీసేసి మామూలు యాక్సిల్, కమాన్ కట్టలు పెట్టారు. అంటే మన దేశంలో కారును మార్చడమన్నది షెడ్డుల్లో పుట్టిన అలవాటు కాదు. ఫ్యాక్టరీలే మొదలుపెట్టాయి.

కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. ఒక ఇంట్లో కారు ఉందంటే అది ఇరవై, ముప్పై ఏళ్లు నడవాల్సిందే. ఇంజన్ బోరుకొస్తే బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్లు వేయించాల్సిందే. భాగం దొరక్కపోతే లేత్ మీద తీయించాల్సిందే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అరిగిన షాఫ్టును వెల్డింగుతో నింపి మళ్లీ సైజుకు తీసే పనివాళ్లు అలా తయారయ్యారు. వాళ్లలో చాలామంది పాలిటెక్నిక్ గేటు దాటి ఎరగరు. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయినప్పుడు పెద్ద పెద్ద అమెరికన్ కార్లలో పెట్రోలు ఇంజన్ దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించినవాళ్లూ వీళ్లే. ఇప్పటి సేకర్తలు ఆ డీజిల్ ఇంజన్లను చూసి పెదవి విరుస్తారు. ఆ ఇంజన్ ఎక్కించకపోతే ఆ కారు 1975లోనే తుక్కు అయ్యేదని మాత్రం మరిచిపోతారు.

షెడ్డులో ఆదివారం

నా దగ్గర ఉన్నది 1974 నాటి అంబాసిడర్ మార్క్ టూ. దాని మీద పనిచేసేది నేనూ, మా ఊరి మెకానిక్ ఒకాయన. నేను ఆయన్ని మేస్త్రీ గారంటాను, ఆయన నన్ను సారంటారు. డిగ్రీ నాది, విద్య ఆయనది.

ఏళ్లుగా కదలని కారును వెంటనే స్టార్ట్ చేయకూడదు. సిలిండర్ గోడలకు రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో పలచని నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు ముందు హ్యాండిల్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. చేతికి ఏ అడ్డూ తగలకుండా తిరిగితేనే బ్యాటరీ. ట్యాంకులో పాత పెట్రోలు బంకగా మారి ఉంటుంది, దించి కడగాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు లోపల తుప్పు పట్టి పట్టేసి ఉంటాయి. కదలడం కంటే ఆగడం ముఖ్యం, కాబట్టి ఇంజన్ కంటే ముందు బ్రేకులు. అంబాసిడర్‌కు లారీలాగా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది పట్టీలు తుప్పు తింటే కారు నడుం విరిగినట్టే. పైన లప్పం పూసి రంగు కొట్టిస్తే కంటికి బాగానే ఉంటుంది. కొనేవాళ్లు వేలితో తట్టి చూసుకోవాలి, లప్పం ఉన్నచోట చప్పుడు మూగగా వస్తుంది.

ఈ ఇంజన్‌లో వాల్వు రాకర్ల దగ్గర 0.38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది ఫీలర్ గేజి అనే పలచని రేకుతో కొలుస్తారు. మేస్త్రీ గారు ముందు చెవితో సర్దుతారు. తర్వాత నేను రేకు పెట్టి చూస్తాను. ఎనిమిది వాల్వులలో ఏ ఒక్కదానికో చిన్న సవరింపు కావాలి, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. ఆ చెవికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు లేడు.

డ్రైవరు రాసిన చరిత్ర

నేను కారు కొన్నప్పుడు డాష్‌బోర్డు అరలో ఒక నోటు పుస్తకం దొరికింది. మొదటి యజమాని దగ్గర పనిచేసిన డ్రైవరు రాసినది. తారీకు, కిలోమీటరు రీడింగు, చేయించిన పని, అయిన ఖర్చు, షెడ్డు ఉన్న ఊరు. పందొమ్మిది వందల డెబ్బైల నుంచి ఎనభైల చివరిదాకా పెన్సిలుతో, గుండ్రటి తెలుగులో ఉంది. కమాన్ కట్టలో ఏ ఆకు విరిగిందో, డైనమో ఎక్కడ చుట్టించారో, బోరు ఎన్నిసార్లు కొట్టించారో అందులో ఉంది. వరి కోతల నెలల్లో రీడింగు ఎక్కువగా పెరిగింది. ఒక వేసవిలో పదిహేను రోజులు కారు కదలనే లేదు. ఏ కారణమో రాయలేదు.

చరిత్ర పాఠంలో మనకు రాజులూ, యుద్ధాలూ, తేదీలూ చెప్పారు. ఒక పల్లెటూరి డ్రైవరు తాను నడిపిన యంత్రానికి పదిహేనేళ్లపాటు చరిత్ర రాశాడంటే, అది కూడా ఆ పాఠంలోనిదే అనుకుంటున్నాను. ఆ పుస్తకం నాకు చాలా పని మిగిల్చింది. ఇంజన్ ఇప్పుడు ఏ సైజు బోరులో ఉందో విప్పకుండానే తెలిసింది. ముందు సస్పెన్షన్‌లో ఒకవైపు టార్షన్ బారు వేరే కారుదని తెలిసింది. కారు ఒకవైపు కొద్దిగా వంగి ఉండటానికి కారణం అదే.

ఏది అసలైనది?

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. 2021 నియమం ప్రకారం వింటేజ్ వాహనం మొదటి రూపంలో ఉండాలి. చాసిస్‌లోగానీ, బాడీలోగానీ, ఇంజన్‌లోగానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కొత్త బండ్లకూ అంతే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు మీద నలుగురి ప్రాణాలకు సంబంధించిన విషయం గనుక ఆ నియమం ఉండవలసిందే. మార్చడమే కళగా పెట్టుకున్న వాళ్లకు వేరే దారి ఉంది. హైదరాబాద్ సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ ఆకారంలో, ఫుట్‌బాల్ ఆకారంలో ఉన్న కార్లను మన పిల్లలు చూసే ఉంటారు. అవి నవ్వించడానికి చేసినవి, వాటి లెక్క వేరు.

కానీ ఏ మార్పూ లేకుండా పాత కారును నడపడం ఇవాళ కుదరదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వు కూర్చునే చోట మెత్తలాగా పనిచేసి అరుగుదలను తగ్గించేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వస్తోంది. పిల్లల ఆరోగ్యానికి అది ఎంతో మేలు. పాత ఇంజన్లలో మాత్రం వాల్వు సీట్లు అరిగిపోతాయి, గట్టి లోహంతో చేసిన సీట్లు దిగేయించాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులనూ వాషర్లనూ పాడుచేస్తుంది. వాటిని కొత్త రకం రబ్బరుతో మార్చాలి. పాత పైపే అసలైనదని పట్టుకు కూర్చుంటే, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారి అసలుకే మోసం వస్తుంది.

పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య 'ఫివా' 1966లో ఏర్పడింది. అది టూరిన్ చార్టర్ అనే పత్రంలో ఈ చిక్కుకు ఒక దారి చూపింది. ఆ పత్రం సారం నాకు అర్థమైనంతలో ఇది: ముందు ఉన్నదాన్ని కాపాడు. అది చాలకపోతేనే బాగుచెయ్యి. మార్చక తప్పకపోతే తిరిగి వెనక్కి తీయగలిగేలా మార్చు. చేసినదంతా రాసిపెట్టు. కొత్తగా వేసిన ఏ భాగమూ పాతదిగా నటించకూడదు.

నాలుగో మాట దగ్గరే మనం వెనకబడ్డాం. మొదటి మూడూ మన మెకానిక్‌లు ఎవరూ చెప్పకుండానే చేశారు. రాసిపెట్టడం ఒక్కటే జరగలేదు. విరిగిన టార్షన్ బారుకు బదులు వేరే కారుది వేయడం నా దృష్టిలో కల్తీ కాదు. ఆ రోజు ఆ ఊళ్లో అదొక్కటే దొరికింది. అందుకే నా కారుకు ఆ బారు అలాగే ఉంచాను. కొత్తది సంపాదించి పక్కన పెట్టుకున్నాను గానీ వేయలేదు. మేస్త్రీ గారు పరీక్షించి గట్టిగానే ఉందన్నారు. మా కారు కొంచెం ఎడమకు వంగే ఉంటుంది.

మనం చేయగలిగింది

సీసం పెట్రోలు పోవడం మంచిదే, పొగ కక్కే పాత బండ్లు రోడ్ల మీంచి తగ్గడం కూడా మంచిదే. ప్రతి పాత కారునూ దాచమని నేననడం లేదు. కారు తుక్కుకు వెళితే వెళ్లనివ్వండి. దానితోపాటు దాని కథ కూడా వెళ్లకూడదన్నదే నా కోరిక. ఇనుము మళ్లీ దొరుకుతుంది, ఆ చెవి దొరకదు.

మనలో చాలామంది ఇళ్లలో పాత కారో, జావా మోటారు సైకిలో, లాంబ్రెట్టా స్కూటరో షెడ్డులో టార్పాలిన్ కింద ఉండే ఉంటుంది. అమ్మేముందు ఆర్‌సీ బుక్కు, పాత బిల్లులు, బండి పక్కన నాన్నగారు నిలబడ్డ ఫొటోలు ఒక కవరులో పెట్టండి. ఆ బండిని బాగుచేసిన మెకానిక్ ఇంకా ఉంటే వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఫోనులో రికార్డు చేయండి. భాగాల పేర్లు ఆయన పలికినట్టే రాసుకోండి. కమాన్ కట్ట, బోరు కొట్టడం లాంటి మాటలు ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేవు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మన బడి సైన్సు గదికి ఒక పాత ఎస్‌యూ కార్బొరేటరు ఇద్దామనుకుంటున్నాను. అందులో గాలి పీడనం తగ్గగానే పిస్టన్ పైకి లేస్తుంది, దానికున్న సన్నని సూది కూడా లేచి పెట్రోలుకు దారి ఇస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత గాలి, ఎంత గాలి వస్తే అంత పెట్రోలు. బెర్నూలీ సూత్రాన్ని పిల్లలు చేత్తో పట్టుకుని చూడొచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు విప్పి, మళ్లీ బిగించాలి. విరిగితే విరగనివ్వండి, ఇంకొకటి తెస్తాను. మేస్త్రీ గారు ఒక ఆదివారం వచ్చి నేర్పడానికి ఒప్పుకున్నారు.

ఆ డ్రైవరు నోటు పుస్తకంలో వెనక నలభై పేజీల దాకా ఖాళీ ఉన్నాయి. కారు కొన్న నాటి నుంచి చేసిన ప్రతి పనీ నేను అందులోనే, ఆయన గీసిన గళ్లలోనే రాస్తున్నాను. తారీకు, రీడింగు, పని, ఖర్చు, షెడ్డు. ఆయనలాగే పెన్సిలుతోనే రాస్తున్నాను.